చంద్రశేఖర వెంకట రామన్ – కాంతి జమాఖర్చులు

ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీని మన దేశమున జాతీయ విజ్ఞాన దినముగ జరుపుకొనుట 1987 నుండి ఆచారమైనది. ఆనాడు పాఠశాలలయందు రామన్ గారి చిత్రపటమునకు పూలదండలు వేయుదురు, ఉపన్యాసము లిత్తురు, రెండు మూడు వందల రూపాయల పరికరములతో నోబెల్ బహుమానమును గెలుచుకొనిన కథను పిల్లలకు వినిపింతురు. ఆ కథ అసత్యము కాదు. కాని అది సగము కథ మాత్రమే. సగము కథను పూర్ణముగ నమ్మిన జాతి తన బిడ్డలకు తానే అన్యాయము చేసికొనును. కావున సర్ చంద్రశేఖర వెంకట రామన్ గారి జీవితమును మొదటినుండి తుదివఱకు ఒకమారు పాఠకుల యెదుట నుంచ దలచితిమి. 1928లో ఆయన కనుగొనిన మసక కాంతిరేఖ, ఈనాడు లేజరు కాంతిచే అణువులను చల్లార్చి పరమశూన్యమునకు మిక్కిలి చేరువగ నిలుపు విద్యలో అడుగడుగున ఎదురగుచున్నది. ఒకచోట అడ్డంకిగను, మఱియొకచోట పనిముట్టుగను. ఆ రేఖను చూచిన కన్నెవరిదో లోకమెఱుగును. ఆ దీపమునకు నూనె పోసినవారెవరో మనము మఱచితిమి.

రామన్ గారు 1888వ సంవత్సరము నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి చెంత తిరువానైక్కావలులో జన్మించిరి. తండ్రి చంద్రశేఖరయ్యరు గారు. తల్లి పార్వతీ అమ్మాళ్ గారు. జన్మము తమిళదేశమున నైనను బాల్యమునకు ఊయలయైనది మన విశాఖపట్టణమే. 1892లో తండ్రిగారు అచ్చటి మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలలో గణితమును భౌతికశాస్త్రమును బోధించుటకై రాగా, నాలుగేండ్లయిన నిండని బాలుడు ఆ సముద్రతీరమునకు వచ్చెను. ఆ కళాశాల ఒక ఆంధ్ర దాతృకుటుంబము పేరిట నిలిచిన విద్యాలయమని పాఠకులు గమనింతురు గాక. ఈ కథలో దాతల పేరు వినవచ్చుట ఇదియే మొదలు. ఇదియే తుది కాదు. సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి ఆ బాలుడు పదునొకండవయేట మెట్రిక్యులేషనును, పదుమూడవయేట ఎఫ్.ఏ. పరీక్షను నెగ్గెను. ఇంటిలో శాస్త్రగ్రంథములును సంగీతమును ఉండెను, ఎదుట సముద్రముండెను. ముందు చెప్పబోవు మూడు పరిశోధనలకును విత్తనము లీ మూటియందే కలవని మేము తలంచుచున్నాము.

పిమ్మట మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1904లో బి.ఏ. పరీక్షలో ప్రథముడుగ నిలిచి, భౌతికశాస్త్రమున బంగారు పతకమును పొందిరి. 1906లో, ఇంకను పదునెనిమిదేండ్ల విద్యార్థిగ నున్నప్పుడే, దీర్ఘచతురస్రపు రంధ్రముచే కాంతి వంగుటను గూర్చి ఆయన వ్రాసిన వ్యాసము లండనులోని ఫిలసాఫికల్ మ్యాగజైనులో అచ్చయ్యెను. 1907లో ఎం.ఏ. పట్టము లభించెను. దేహారోగ్యము చాలమిచే సీమకు పోవు యోగము తప్పిపోయెను. ఆ కాలమున భారతీయ యువకునకు శాస్త్రమే వృత్తిగ బ్రదుకు మార్గము లేదు. కావున ఆర్థికశాఖ పరీక్షకు కూర్చుండి, అందును ప్రథముడై, లోకసుందరీ అమ్మాళ్ గారిని వివాహమాడి, ఆ యేడే కలకత్తాకు ఉపగణకాధిపతిగ ఉద్యోగమునకు వెడలిరి. ప్రభుత్వపు జమాఖర్చులు చూచుట ఆయన పని. పరులు దీనిని శాస్త్రమునకు నష్టముగ నెంచవచ్చును. కాని పైసకు పైస సరిపోవువఱకు నిదురింపని గణకుని పట్టుదల, తరువాత కాంతి లెక్కలలో ఆయనకు తోడైనదని చెప్పుట అతిశయోక్తి కాజాలదు.

కలకత్తాలో బౌబజారు వీధి 210వ నంబరు భవనముపై భారతీయ విజ్ఞానాభివర్ధక సంఘపు పేరు గల ఫలకము ఆయన కంటబడెను. డాక్టరు మహేంద్రలాల్ సర్కారు గారు 1876లో ఈ సంఘమును స్థాపించిరి. ఆయన వైద్యులు. సర్కారు ధనమును ఆశింపక, దేశీయుల చందాలతోనే దేశీయుల శాస్త్రశాల నిలువవలెనని ఆయన సంకల్పము. ఇంటింటికి తిరిగి, సంస్థానాధిపతుల నాశ్రయించి, ఆయన ధనము కూర్చిరి. అచ్చటి ప్రయోగశాలకు విజయనగరము పేరుండుట ఆంధ్రులకు తెలియవలసిన విషయము. అది విజయనగర మహారాజు గారి దానము వలన వెలసినది. ఇంత శ్రమకోర్చి కట్టిన ఆ మందిరమున పరిశోధన చేయువారు లేక, స్థాపకులు 1904లో నిరాశతో కన్నుమూసిరి. మూడేండ్ల తరువాత ఒక పదునెనిమిదేండ్ల గణకోద్యోగి తలుపు తట్టెను. దాత విత్తిన విత్తు దాత కన్నుల యెదుటనే మొలకెత్తవలెనను నియమము లేదని ఇంతకన్న స్పష్టముగ చెప్పు ఉదాహరణము మన చరిత్రలో అరుదు.

అది మొదలు పదేండ్లు ఆయన దినచర్య ఒకటే. తెల్లవారుజామున ప్రయోగశాల, పగలు కచ్చేరి, సాయంకాలము మరల ప్రయోగశాల. ఆశుతోష దే గారను సంఘోద్యోగి ఒక్కరే తోడు. రంగూనుకును నాగపురమునకును బదిలీయై పోయినను, కొలది కాలములో కలకత్తా చేరిరి. ఆ యేండ్లలో ఆయన ముఖ్యముగ శబ్దమును పరిశోధించిరి. వయొలిను, వీణ, తంబుర మున్నగు వాద్యముల తంత్రుల కంపనమును కొలిచిరి. సాధారణపు డప్పుచర్మము వికృతస్వరముల నీనుచుండ, మృదంగపు చర్మముపై నడుమ పూసిన కరణము వలన స్వరములు శ్రుతిబద్ధములగుటను శాస్త్రయుక్తముగ నిరూపించిరి. ఒక వస్తువు తనకు సహజములైన కొన్ని కంపనములను మాత్రమే చేయును. ఆ కంపనములను వినగలిగినచో వస్తువు కట్టడి తెలియును. మృదంగమునందు నేర్చిన యీ సత్యమునే తరువాత ఆయన అణువునందు వినిరి.

1914 ప్రాంతమున కలకత్తా విశ్వవిద్యాలయమున సర్ తారకనాథ పాలిత్ గారు తమ లక్షల ఆస్తినిచ్చి భౌతికశాస్త్రాచార్య పీఠమును నెలకొల్పిరి. ఉపాధ్యక్షులైన సర్ ఆశుతోష ముఖర్జీ గారు రామన్ గారిని పిలిచిరి. విదేశమున శిక్షణ పొందవలెనను నియమమును రామన్ గారంగీకరింపలేదు. ముఖర్జీ గారు ఆ నియమమును తొలగించిరి. 1917లో రామన్ గారు ఉన్నతమగు సర్కారు కొలువును విడిచి, అంతకన్న మిక్కిలి తక్కువ జీతమునకు ఆచార్యులైరి. శాస్త్రజ్ఞుని త్యాగమును మనము కొనియాడుదుము, కొనియాడవలసినదే. కాని ఆ త్యాగము నిలుచుటకొక పీఠమును ముందుగ కట్టియుంచిన వానినిగూడ తలచుకొనుట న్యాయము.

1921లో ఆక్స్‌ఫర్డునందలి విశ్వవిద్యాలయముల మహాసభకు పోయి, తిరుగు ప్రయాణమున నర్కుండా నౌకపై మధ్యధరా సముద్రపు నీలిమను చూచిరి. సముద్రపు నీలిమ ఆకాశపు ప్రతిబింబమే యని ర్యాలే ప్రభువు చెప్పియుండెను. రామన్ గారు చిన్న నికాల్ పట్టకమును కంటికడ పట్టి నీటిపైనుండి ప్రతిఫలించు కాంతిని తొలగించి చూడగా, నీలిమ తగ్గుటకు మాఱుగ మఱింత నిండుగ కానవచ్చెను. నీటి అణువులే కాంతిని చిమ్ముచున్నవని తేలెను. నౌక బొంబాయి చేరగనే ఈ విషయమును నేచర్ పత్రికకు వ్రాసి పంపిరి. అప్పటినుండి కాంతి అణువుపై పడి చిందుటయే ఆయన ప్రధాన పరిశోధన మయ్యెను.

1923లో ఆయన శిష్యులైన కె. ఆర్. రామనాథన్ గారు నీటిపై ప్రయోగము చేయుచు, చిందిన కాంతిలో వేఱు రంగు గల మిక్కిలి మసకయగు జాడను కనిరి. నీటిలో ఏదో మాలిన్యమున్నదని తలచి మరల మరల శుద్ధిచేసిరి, జాడ పోలేదు. తరువాత కె. ఎస్. కృష్ణన్ గారికిని పెక్కు ద్రవములలో ఆ జాడయే కనబడెను. వెంకటేశ్వరన్ గారు గ్లిసరినులో చూచినప్పుడు అది చక్కగ స్పష్టమయ్యెను. లోకములోని పెక్కు ప్రయోగశాలలలో నిట్టి జాడను మాలిన్యమని త్రోసివేసి యుందురు. రామన్ గారు అయిదేండ్లు దానిని విడువలేదు. 1928 జనవరి మొదలుకొని కృష్ణన్ గారు దినదినము ద్రవములను పరీక్షించి దినచర్యలో వ్రాసికొనిరి. ఫిబ్రవరి 28వ తేదీన వర్ణపటదర్శినితో చూడగా, వచ్చిన కాంతికి పక్కనే, దానికి వేఱుగ, క్రొత్త రేఖ గోచరించెను. మార్చి 16వ తేదీన బెంగుళూరులో ఆయన ఈ విషయమును విద్వాంసుల యెదుట విపులముగ చెప్పిరి.

ఈ రేఖ యేమి చెప్పుచున్నది? కాంతి కణములుగ వచ్చును. ఒక కణము అణువును తాకినప్పుడు సాధారణముగ తెచ్చినంత శక్తితోనే తిరిగిపోవును. అప్పిచ్చినవాడు అసలు మాత్రము తీసికొని పోయినట్లు. మిక్కిలి అరుదుగ మాత్రము కొంత శక్తిని అణువు తన కంపనమునకై ఉంచుకొనును; కాంతి ఆమేరకు ఎఱుపు వైపునకు జరుగును. ముందే కంపించుచున్న అణువైనచో తన శక్తిని కాంతి కిచ్చి తాను శాంతించును. అపుడు కాంతి నీలి వైపునకు జరుగును. ఇచ్చినదెంత, పుచ్చుకొన్నదెంత యని లెక్కకట్టినచో అణువు ఏయే స్వరములతో కంపించునో తెలియును. ఇది కాంతికిని అణువునకును గల జమాఖర్చుల చిట్టా. ఈ మార్పు సంభవమని స్మేకల్ 1923లో సిద్ధాంతరీత్యా చెప్పియుండెను. మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ అను పండితులు అదే ఫిబ్రవరిలో స్ఫటికమునందు స్వతంత్రముగ దీనిని చూచిరి. 1930లో నోబెల్ బహుమానము రామన్ గారొక్కరికే వచ్చెను. ఆసియాఖండమునకు శాస్త్రవిషయమున వచ్చిన ప్రథమ బహుమాన మదియే. కృష్ణన్ గారి పాలు అంతకన్న ఎక్కువగ వెల్లడి కావలసి యుండెనని యిప్పటికిని పలువురందురు. ఆ మాటలో న్యాయము కలదని మేమును తలంతుము. గురువు చూపు, శిష్యుని చేయి రెండును లేనిదే ఆ రేఖ దొరకెడిది కాదు.

ఆ శిష్యులలో ఆంధ్రు డొకరు గలరు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతము గారు, హైదరాబాదులో చదివి, కలకత్తాకు పోయి రామన్ గారి చెంత చేరిరి. కాంతికణమునకు శక్తియేకాక ఆత్మభ్రమణముగూడ కలదనుటకు గురుశిష్యు లిరువురును 1931లో ప్రయోగపూర్వకమగు సాక్ష్యము చూపిరి. మరుసటి యేడు భగవంతము గారు వాల్తేరు చేరి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున భౌతికశాస్త్రమును నెలకొల్పిరి. కాంతి చిందుటను గూర్చియు రామన్ ఫలితమును గూర్చియు ఆయన వ్రాసిన గ్రంథము 1940లో వాల్తేరునుండియే వెలువడెను. వెంకటరాయుడు గారితో కలసి, అణువుల సౌష్ఠవమునుబట్టి ఏ కంపనములు రామన్ రేఖగ కనబడునో లెక్కించు గణితమును గ్రంథస్థము చేసిరి. గురువు బాల్యము గడపిన పట్టణమునకే గురువు విద్య ఈ రీతిగ తిరిగివచ్చెను.

1933లో రామన్ గారు బెంగుళూరునందలి భారతీయ విజ్ఞాన సంస్థకు ప్రథమ భారతీయ సంచాలకులైరి. 1934లో భారతీయ విజ్ఞాన అకాడమీని స్థాపించిరి. నాగేంద్రనాథ్ గారితో కలసి, శ్రవణాతీత శబ్దతరంగములచే కాంతి వంగు సిద్ధాంతమును వెలయించిరి. ఆ సిద్ధాంతముపై ఆధారపడిన పరికరములే ఈనాడు లేజరు కాంతి రంగును వెంట్రుకవాసి జరుపుటకు ప్రతి శీతలాణు ప్రయోగశాలలోను వాడబడుచున్నవి. కాని పరిపాలనమున ఆయనకు శాంతి లేదు. స్వతంత్రవృత్తియు తీక్ష్ణభాషణమును కలహములు తెచ్చెను. 1937లో సంచాలకత్వమును విడిచి ఆచార్యపదవిలో మాత్రము నిలిచిరి. స్త్రీలకు ప్రవేశమిచ్చుటలోను ఆయన సంకుచితులై యుండిరి. కమలా భాగవత్ గారను ప్రతిభావంతురాలిని 1933లో ముందు నిరాకరించి, ఆమె పట్టుపట్టగా నియమములతో చేర్చుకొనిరి. ఆమె తన కృషిచే ఆ సంకోచము తప్పని నిరూపించెను. మహాపురుషుని జీవితమును వ్రాయునపుడు ఇట్టివి దాచుట భక్తి కానేరదు.

1948లో కొలువు విరమించి, మైసూరు ప్రభువిచ్చిన భూమియందు తమ పేరిట పరిశోధనాలయమును తెఱచిరి. దానికై దేశమంతయు తిరిగి చందాలు కూర్చిరి. తమ సంపాదనను గూడ అందుంచిరి. ప్రభుత్వ ధనముతో ప్రభుత్వపు కళ్ళెము గూడ వచ్చునని భయపడి, తుదివఱకు దానిని స్వీకరింపలేదు. 1954లో భారతరత్న బిరుదము లభించెను. వజ్రములు, పూవుల రంగులు, కంటిచూపు మున్నగువానిని పరిశోధించుచు కాలము గడపి, 1970 నవంబరు 21వ తేదీన, 82వ యేడు నిండిన పిమ్మట, కన్నుమూసిరి. ఆ పరిశోధనాలయపు తోటలోనే ఆయన దేహమును అగ్నికి సమర్పించిరి. అచ్చట స్మారకమందిరము లేదు; ఒక చెట్టు మాత్రము కలదు.

ఇంతటితో దేహయాత్ర ముగిసినది. రేఖ యాత్ర ముగియలేదు. అది యెట్లు సాగినదో చెప్పుటకు ఉష్ణమనగా నేమో ముందు చెప్పవలెను. ఉష్ణమనునది కణముల పరుగే. మనము పీల్చు గాలిలోని అణువులు సెకనుకు సుమారు 500 మీటర్ల వేగమున పరుగిడుచున్నవి. ఆ పరుగు తగ్గినకొలది శీతలము. పరుగు అడుగంటు అవధియే పరమశూన్యము. అది మంచు గడ్డకట్టు స్థానమునకు 273 డిగ్రీలు దిగువను గలదు. అచ్చటినుండి లెక్కించు డిగ్రీలకు కెల్వినులని పేరు. కాంతికణమునకు తాకిడి కలదు గనుక, కణమునకు ఎదురుగ కాంతిని ప్రసరించినచో దాని వేగము కొంచెము తగ్గును. పరుగెత్తు బండిపై ఎదురుగ సెనగలు విసరి నిలుపజూచుట వంటి దీపని. ఒక గింజతో ఫలము లేదు, వేలకొలది కావలెను. ఎదురువచ్చు రైలు కూత హెచ్చుశ్రుతిలో వినబడునట్లు, కాంతికి ఎదురు పోవు కణమునకు ఆ కాంతి కొంచెము నీలిగ తోచును. కావున కొంచెము ఎఱుపునకు జరిపిన లేజరు కాంతిని ఎదురువచ్చు కణమే పుచ్చుకొని మందగించును. తరువాత ఆ కాంతిని అన్ని దిక్కులకును చిమ్మును గనుక, తాకిడి నికరముగ మిగులును.

లేజరు 1960లో పుట్టినది. ఈ చల్లార్చు ఉపాయమును హాన్ష్, షాలో అను పండితులు 1975లో సూచించిరి. 1985లో స్టీవెన్ చు గారి బృందము సోడియపు పరమాణువులను కెల్వినులో పదివేలవ వంతుల స్థాయికి చల్లార్చెను. ఇందు కృషి చేసిన చు, కోహెన్-తనూజి, ఫిలిప్స్ గార్లకు 1997లో నోబెల్ బహుమానము లభించెను. కాని ఇదంతయు పరమాణువుల సంగతి. పరమాణువు ఏకాకి, కాంతిని పుచ్చుకొని, చిమ్మి, యథాస్థానమునకు వచ్చి, మరల పుచ్చుకొనును. రెండు పరమాణువులు కూడిన అణువు అట్లు కాదు. అది కంపించును, గిరగిర తిరుగును. కాంతిని తిరిగి యిచ్చునప్పుడు కొంత శక్తిని తన కంపనమునకై ఉంచుకొనవచ్చును. అటులైనచో మొదటి లేజరు రంగు దానికిక సరిపడదు. అది చీకటిలో పడిపోవును. పాఠకులు గుర్తించియే యుందురు. ఇది రామన్ గారు చూచిన జమాఖర్చుకు తోబుట్టువే. ఆయన కాంతి అణువులో నిలువక చిందినది. ఇచ్చట అణువు కాంతిని మింగి విడుచుచున్నది. లెక్క మాత్రము ఒక్కటే. 1928లో వెలుగుగ తోచిన రేఖ, అణువును చల్లార్చువారికి కుండకు పడిన చిల్లు.

ఆ చిల్లులను పూడ్చుటకు ముందు వానిని కొలువవలెను. స్ట్రాన్షియము ఫ్లోరైడు అను అణువు దీనికి అనుకూలమని తేలినది. ఏలన నూటికి సుమారు రెండుమార్లు మాత్రమే అది కంపనమునకు జారును. జారినదానిని తిరిగి పట్టుటకు రెండవ లేజరు, రెండవ మెట్టుకు జారినదానికి మూడవది పెట్టినచో, జారుబాటు పదివేలలో ఒకటికన్న తక్కువయగును. తిరుగుట వలని జారుబాటును ప్రకృతి నియమములే అరికట్టునట్లు మొదటి మెట్టును ఎన్నుకొందురు. మొదట శీతల హీలియము వాయువున అణువులను నాలుగు కెల్వినుల ప్రాంతమునకు చల్లార్చి, తరువాత వానిపై లేజరును ప్రయోగింతురు. ఈ రీతిగ 2010లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున డెమిల్ గారి బృందము అణువును లేజరుచే చల్లార్చుట సాధ్యమని మొదట చూపెను. 2014లో వారే ఆ అణువులను కాంతిచేతను అయస్కాంతముచేతను ముప్పేట బంధించిరి. 2017లో లండను ఇంపీరియల్ కళాశాలవారు కాల్షియము ఫ్లోరైడును కెల్వినులో లక్షకు అయిదు వంతులకు దింపిరి. అప్పుడా అణువుల వేగము సెకనుకు సుమారు 15 సెంటీమీటర్లు. మనుష్యుని నడకకన్న చాల మందము. 2022లో హార్వర్డువారు మూడు పరమాణువుల అణువునే బంధించి చల్లార్చిరి.

చిల్లుగ కనబడిన ఆ వ్యాపారమే తెడ్డుగను ఉపకరించినది. రెండు లేజరులను జతగూర్చి ప్రయోగించినచో, కణమును ఒక మెట్టునుండి మఱియొక మెట్టునకు మనము కోరిన రీతిగ దింపవచ్చును. రెండు రంగులకును గల భేదమే మెట్ల భేదము. దీనికి శాస్త్రజ్ఞులు రామన్ గారి పేరే పెట్టిరి. 2008లో అమెరికాలోని కొలరాడోయందు డెబోరా జిన్, జున్ యే గార్ల బృందము, వేర్వేరుగ చల్లార్చిన పొటాషియము, రుబీడియము పరమాణువులను అయస్కాంత బలముచే జతపఱచి, ఈ యుపాయముచే ఆ అణువులను అట్టడుగు మెట్టునకు దింపెను. 2024లో ప్రచురితములైన ప్రయోగములలో ప్రిన్స్‌టన్, హార్వర్డు పండితులు కాంతి పట్టకారులలో ఒక్కొక్క అణువునే పట్టి, రామన్ పద్ధతిచే దాని చలనమును అడుగంటునట్లు చేసిరి. ఇదంతయు వినోదముకొఱకు కాదు. నిలిచిన అణువునందు రసాయనక్రియ మొదటి అడుగునుండి ఎట్లు జరుగునో చూడవచ్చును; ఎలక్ట్రానునందలి విద్యుత్తు నిండుగోళముగ నున్నదో లేదో, అంటే సృష్టినియమములలో దాగిన లోపమేమైన గలదో, సూక్ష్మముగ తూచవచ్చును; క్రొత్తరకపు గణనయంత్రములకు అణువునే పలకగ వాడవచ్చును.

ఇప్పుడు ఆ రెండు మూడు వందల రూపాయల కథకు మరల వత్తము. పరికరము స్వల్పమే, కాని ఆ పరికరము ఎవరి కప్పు క్రింద నిలిచినది? చందాలతో కట్టిన సంఘపు కప్పు క్రింద. పరిశోధకుని జీతము ఎవరు పెట్టిరి? సర్వస్వము ధారవోసిన పాలిత్ గారు. మాలిన్యమని తోచిన జాడను వెంబడించుటకు రామనాథన్, కృష్ణన్, వెంకటేశ్వరన్ గార్లకు అయిదేండ్ల తీరిక ఎట్లు దొరకెను? ఫలమెప్పుడని అడుగని దాతలవలన. పరికరపు వెలను మాత్రము చెప్పి, యాబదియేండ్ల దానమును లెక్కలో వ్రాయనివాడు గణకుడు కాడు. రామన్ గారే ఉన్నచో అట్టి చిట్టాపై చేవ్రాలు చేసెడివారు కారు.

పేదపరికరముల కథకు అలవాటుపడి, శాస్త్రము చౌకగ దొరకు వస్తువని మనము భ్రమపడితిమి. అణువును లేజరుచే నిలుపు బల్లపై నుండు పరికరములు వందల రూపాయలకు రావు. పది పదునైదేండ్ల ఓర్పు లేనిదే అవి ఫలింపవు. రామన్ గారి దేహము అగ్నిలో కలసిన ఆ బెంగుళూరు తోటలోని పరిశోధనాలయమునందే నేడు లేజరుచే పరమాణువులను చల్లార్చు ప్రయోగములు జరుగుచుండుట మిక్కిలి సంతోషము. అణువు విషయమున మాత్రము మొదటి అడుగులు పరదేశములందు పడినవి. మన యువకులు అసమర్థులని కాదు. కంపనములను లెక్కించు గణితమును వాల్తేరునందే వ్రాసినవారు మనవారు. కొఱతయైనది చూపు కాదు, ఓర్పుగల ధనము.

మన తెలుగునాట ధనవంతులకు కొదువ లేదు. దానబుద్ధికిని కొదువ లేదు. గుడులకు, సత్రములకు, వివాహవైభవములకు వ్యయము చేయు చేయి మనది. ఒక పూర్వికుడు కట్టించిన చెరువుక్రింద మూడు తరములు పంట పండించుకొను రైతునకు, ఫలము తన కాలమున రాకున్నను విత్తవలెనని ఎవరును బోధింప నక్కరలేదు. ఆ బుద్ధినే శాస్త్రశాల వైపునకు త్రిప్పవలెనని మా మనవి. ఊరి కళాశాలకు ఒక వర్ణపటదర్శిని. విశ్వవిద్యాలయమునకు పదేండ్లు ప్రశ్నింపక నడుపు ఒక పరిశోధక వేతనము. చెప్పినట్లు వినవలెనను కళ్ళెము లేని ఒక పీఠము. ఇవి చాలును. అన్నిటను రామన్ పుట్టకపోవచ్చును. మహేంద్రలాల్ సర్కారు గారును రామన్ గారిని చూడలేదు. కాని తలుపు కట్టియుంచినందుననే తట్టుటకొకడు వచ్చెను. మసకజాడను చూచు కన్ను మన పిల్లలలో ఇప్పటికిని కలదు. ఆ కంటికి దీపము పట్టు భారము మాత్రము మనది.